పెద్దకోడలు బోనెక్కి మొగుడి మీద సాక్ష్యం చెప్తే చెల్లుతుందా? (సీరియల్ కోర్టు సీన్ల గురించి)

పడమటిల్లు:

లా తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త తేల్చి చెప్పండి. ఇంట్లో రోజూ రాత్రి తొమ్మిదింటికి రచ్చ అవుతోంది.

మా అత్తగారు, మా అమ్మ కలిసి చూసే సీరియల్ ఒకటుంది. పేరెందుకు లెండి, చూసేవాళ్ళకి కథ చెప్పగానే తెలిసిపోతుంది. హీరో బాబాయి కొడుకు రాజమండ్రి బ్రిడ్జి మీద నుంచి గోదావరిలో పడిపోయాడు. శవం దొరకలేదు. ఆ రాత్రి హీరో తడి బట్టలతో ఇంటికొచ్చి, పెరట్లో కుళాయి దగ్గర చొక్కాకి అంటిన రక్తం కడుక్కుంటుంటే పెళ్ళాం చూసింది. "వాడు నా చేతుల్లోనే పోయాడే" అన్నాడు. ఆవిడ ఆ ఇంటి పెద్దకోడలు. పెళ్ళికి ముందు లా చదివిందట, మూడొందల ఎపిసోడ్ల దాకా ఆ సంగతి ఎవరికీ తెలీదు. హీరోని అరెస్టు చేశారు. వారం తిరక్కుండా కోర్టు. పెద్దకోడలే నల్లకోటు వేసుకుని మొగుడి తరఫున వాదించింది. ఇంతలో ఆడపడుచు జనంలోంచి లేచి "ఆ రాత్రి మా వదిన అంతా చూసింది, ఆవిణ్ణే అడగండి" అంది. జడ్జి గారు సుత్తి కొట్టి సరే అన్నారు. పెద్దకోడలు కోటు విప్పి, బోనెక్కి, భగవద్గీత మీద చెయ్యేసి, తాళి కళ్ళకద్దుకుని మొత్తం చెప్పేసింది. అది విని హీరో "అవును, నేనే చంపాను" అని అరిచాడు. ఉరిశిక్ష. వచ్చే శుక్రవారమే. ప్రోమోలో ఏమో ఆ చచ్చినవాడు గడ్డంతో ఏదో ఆశ్రమంలో కనిపిస్తున్నాడు, మరిది చేతిలో పెన్‌డ్రైవ్ ఉంది.

మా అత్తగారేమో ఏ కోర్టూ పెళ్ళాం చేత మొగుడి మీద సాక్ష్యం చెప్పించదు, అంతా చెత్త అంటారు. మా అమ్మేమో నిజం ఎవరు చెప్పినా నిజమే, కోర్టుకి మొగుడేంటి పెళ్ళామేంటి అంటుంది. అమ్మకి బీపీ. శుక్రవారం దాకా టెన్షన్ పడేలా ఉంది. శవం లేకుండా ఉరి ఎలా వేస్తారు, చచ్చినవాడు తిరిగొస్తే ఏమవుతుంది, పెళ్ళాం సాక్ష్యం చెల్లుతుందా. ఎవరైనా రాస్తే ఇద్దరికీ చదివి వినిపిస్తాను.

బెంచిక్లర్కు_రిటైర్డ్:

అమ్మా, నేను లాయర్ని కాదు. జడ్జి గారి బల్లకి కింద, సాక్షి బోనుకి ఎదురుగా కూర్చునే గుమాస్తాని. సర్వీసు ఎక్కువ భాగం గోదావరి జిల్లాల సెషన్స్ కోర్టుల్లోనే గడిచింది. సాక్షి చేత ప్రమాణం చేయించడం, కాగితాలకి నంబర్లు వేయడం, గుడ్డలో కుట్టి లక్క సీలు వేసిన మూటలు విప్పి కత్తో చొక్కానో సాక్షికి చూపించడం నా పని. మీరు చెప్పే సీరియల్ మా ఆవిడ చూస్తుంది. నేను పేపరు చాటు నుంచి చూస్తాను.

మీ అత్తగారిదీ సగం రైటు, మీ అమ్మగారిదీ సగం రైటు. భార్య సాక్షిగా పనికొస్తుంది. పాత సాక్ష్యాధారాల చట్టంలో 120వ సెక్షన్, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 126. ముద్దాయి మొగుడైనంత మాత్రాన పెళ్ళాన్ని బోనెక్కనివ్వకపోవడం అంటూ లేదు. అక్కడికి మీ అమ్మగారు గెలిచారు. కానీ ఆ వెంటనే ఇంకో సెక్షన్ ఉంది, పాత 122, కొత్త 128. కాపురంలో ఉండగా మొగుడు పెళ్ళాంతో అన్న మాట, పెళ్ళాం మొగుడితో అన్న మాట కోర్టులో బయటపెట్టమని బలవంతం చేయకూడదు. చట్టం అంతటితో ఆగలేదు. ఆవిడ తనంతట తాను చెప్తానన్నా చెప్పనివ్వకూడదు అంది, ఆ మాట అన్న మనిషి ఒప్పుకుంటే తప్ప. మొగుడు కొట్టాడనో చంపబోయాడనో పెళ్ళామే పెట్టిన కేసయితే ఈ అడ్డు ఉండదు. ఇక్కడ చచ్చింది బాబాయి కొడుకు కాబట్టి ఉంటుంది.

మాటకి అడ్డు ఉంది సరే, కళ్ళారా చూసినదానికో? దీని మీద 1954లోనే సుప్రీంకోర్టు తీర్పు ఉంది, ఉత్తరప్రదేశ్ నుంచి వెళ్ళిన హత్య కేసు. ఆ కేసులో తెల్లవారుజామున మొగుడు ఇంటి కప్పు మీద నుంచి దిగడం భార్య చూసింది. గడ్డి కొట్లోకి వెళ్ళడం చూసింది, స్నానం చేసి మళ్ళీ అదే పంచె కట్టుకోవడం చూసింది. తర్వాత నగలు చేతికిస్తూ అవి ఎక్కణ్ణించి వచ్చాయో చెప్పాడు. కోర్టు ఏమందంటే, చూసిందంతా సాక్ష్యమే, చెప్పిన మాట మాత్రం పనికిరాదు అంది. మా కోర్టులో ఓ జడ్జి గారు జూనియర్ లాయర్లకి ఈ కేసు చెప్పి, "కళ్ళకి అడ్డు లేదు, చెవులకే అడ్డు" అనేవారు.

ఇప్పుడు మీ సీరియల్ సీను దీంట్లో పెట్టి చూడండి. తడి బట్టలు, రక్తం అంటిన చొక్కా, కుళాయి, ఆ టైములో ఇంటికి రావడం, ఇవన్నీ పెద్దకోడలు చెప్పొచ్చు, గట్టి సాక్ష్యం కూడా. "వాడు నా చేతుల్లోనే పోయాడే" అన్నది మాత్రం చెప్పకూడదు. నిజం కోర్టులో అయితే ఆవిడ "ఆయన నాతో..." అని నోరు తెరవగానే ముద్దాయి లాయరు లేచి నిలబడతాడు. జడ్జి గారు చెయ్యి ఎత్తుతారు, టైపు చేసే అమ్మాయి కీబోర్డు మీద చేతులు ఆపుతుంది, ఆ మాట రికార్డులోకి ఎక్కదు.

అసలు తిరకాసు ఇక్కడుంది. ముద్దాయి లాయరు ఎవరు? పెద్దకోడలే! అంటే తన నోట్లోంచి వచ్చే మాటకి తనే లేచి అబ్జెక్షన్ చెప్పాలి. బోనులోంచి దిగి అబ్జెక్షన్ చెప్పి మళ్ళీ బోనెక్కాలి. అందుకే సాక్షి అయ్యే అవకాశం ఉన్న కేసులో లాయరు వకాల్తా తీసుకోకూడదని బార్ కౌన్సిల్ రూలు పెట్టింది. ఈవిడకి తను సాక్షినని, రక్తం కడుక్కోవడం చూసిన ఆ రాత్రి నుంచీ తెలుసు. నల్లకోటు వేసుకున్న రోజే తప్పు జరిగిపోయింది. దాన్ని ఏ సీరియల్ ప్రేక్షకుడూ పట్టించుకోడు, పెళ్ళాం బోనెక్కగానే మాత్రం చెత్త అంటారు. నా లెక్కలో ఆ సీరియల్ మొత్తానికి చట్టానికి కాస్త దగ్గరగా ఉన్నది ఆ బోను సీనే.

ఇంకోటి. సాక్షులు తమ వంతు వచ్చేదాకా హాల్లో కూర్చోకూడదు. వరండాలో వేపచెట్టు కిందో, టీ బడ్డీ దగ్గరో ఉంటారు. అటెండరు బయటకొచ్చి పేరు మూడుసార్లు కేకేస్తే లోపలికి వస్తారు. పెద్దకోడలు మిగతా సాక్షులు చెప్పిందంతా లాయరుగా కూర్చుని వినేసింది. అందరి మాటా విని అతికించి చెప్తోంది అని అవతలివాళ్ళు మొదటి ప్రశ్నలోనే అంటారు. ఇక ఆడపడుచు జనంలోంచి లేచి అరిస్తే, దఫేదారు వచ్చి భుజం తట్టి బయటికి పంపిస్తాడు. అరుపు సాక్ష్యం కాదు.

భగవద్గీత లేదమ్మా. ఖురాను లేదు, బైబిలు లేదు. 1969 ప్రమాణాల చట్టం ప్రకారం "దేవుని ఎదుట ప్రమాణం చేసి అంతా నిజమే చెబుతాను, అబద్ధం చెప్పను" అని నేను అంటే సాక్షి అనాలి, అంతే. దేవుణ్ణి నమ్మనివాళ్ళకి వేరే మాట ఉంది. ఈ సినిమాలూ సీరియళ్ళూ మాకు తెచ్చిపెట్టిన తలనొప్పి ఇంతా అంతా కాదు. ఓ హత్య కేసులో ఓ ముసలావిడ సాక్ష్యానికి వచ్చింది, చచ్చిపోయినవాడి మేనత్త. బోను ముందు చెప్పులు విడిచి, చెంగు నిండా కప్పుకుని, చెయ్యి ముందుకి చాపి నిలబడింది. నేను ప్రమాణం చదువుతుంటే "పుస్తకం ఏది బాబూ?" అంది. లేదమ్మా, ఊరికే అనాలి అన్నాను. "పుస్తకం లేకుండా చెప్తే లెక్కలోకొస్తుందా? తర్వాత కాదంటారేమో" అని మొండికేసింది. చివరికి జడ్జి గారే "వస్తుందమ్మా, నేను రాసుకుంటున్నాగా" అని తెలుగులో చెప్తేగానీ నోరు విప్పలేదు. విప్పాక మాత్రం ఎదుటి లాయరు ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా ఒక్క మాట మార్చలేదు.

సుత్తి మా కోర్టులో ఒకటుండేది. రికార్డు రూములో బీరువా తలుపు బిగుసుకుంటే కొట్టడానికి. జడ్జి గారి బల్ల మీద ఏనాడూ లేదు.

వారంలో కోర్టు సంగతి. హత్య కేసులో చార్జిషీటు వేయడానికి పోలీసులకి 90 రోజులు ఉంటుంది, అది దాటితే ముద్దాయికి బెయిలు హక్కు వచ్చేస్తుంది. చార్జిషీటు ముందు మేజిస్ట్రేటు దగ్గర పడుతుంది, అక్కడ దానికి పి.ఆర్.సి. నంబరు, అంటే సెషన్స్ కోర్టుకి పంపే ముందు ఉండే కేసు నంబరు, ఇస్తారు. ముద్దాయికి కాపీలు ఇచ్చి, కేసుని సెషన్స్‌కి కమిట్ చేస్తారు, అంటే పంపిస్తారు, అప్పుడు ఎస్.సి. (సెషన్స్ కేసు) నంబరు వస్తుంది. తర్వాతే అభియోగం చదవడం, సాక్షులు. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ళు జరిగింది 2013 ఫిబ్రవరిలో. దేశం మొత్తం చూసిన కేసు, ప్రత్యేక కోర్టు. అయినా తీర్పు 2016 డిసెంబరులో వచ్చింది. ఆ ఉరిశిక్షల్ని తెలంగాణ హైకోర్టు ఖాయం చేసింది 2025 ఏప్రిల్లో. మీ హీరోకి వచ్చే శుక్రవారం.

ఉరిశిక్ష జడ్జి గారు వేసినంత మాత్రాన అమలు కాదు. ఫైలు దానంతటదే హైకోర్టుకి వెళ్ళాలి, ఇద్దరు జడ్జీలు ఖాయం చేయాలి. తర్వాత సుప్రీంకోర్టు, రివ్యూ, గవర్నరు, రాష్ట్రపతి. క్షమాభిక్ష తిరస్కరించాక కూడా ఆ కబురు ఖైదీకి చేరిన దగ్గర్నుంచి కనీసం 14 రోజులు ఆగాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అసలు అన్నదమ్ములు బ్రిడ్జి మీద పెనుగులాడుకున్న కేసులో ఉరి పడటమే కష్టం. అమ్మగార్ని బీపీ మాత్ర వేసుకుని పడుకోమనండి.

ఇక "అవును, నేనే చంపాను" అని అరవడం. అభియోగం చదివిన రోజు జడ్జి గారు అడుగుతారు, నేరం ఒప్పుకుంటావా, విచారణ కోరతావా అని. ఆ రోజు ఒప్పుకున్నా హత్య కేసుల్లో జడ్జీలు దాని మీదే శిక్ష వేయరు, సాక్షుల్ని పిలవండి అంటారు. కొడుకుని కాపాడాలని నేరం నెత్తినేసుకునే తండ్రుల్ని కోర్టులు చాలామందిని చూశాయి. మధ్యలో లేచి అరిస్తే "లాయరు గారూ, మీ మనిషితో మాట్లాడండి" అంటారు, అంతే. ఆ లాయరు ఎవరో మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఎల్బీనగర్_లాయరమ్మ:

క్లర్కు గారూ, మీ పోస్టు మా చాంబర్లో అందరికీ చదివి వినిపించాను. ఒక్క చోట మాత్రం ఒప్పుకోను. ఆడపడుచు అరిస్తే సాక్ష్యం కాదన్నారు, నిజమే. కానీ జడ్జి గారు ఆ మాట విన్నాక పెద్దకోడలిని బోనెక్కించడం చట్టానికి పూర్తిగా విరుద్ధమేం కాదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్లో 311, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్ష సంహితలో 348. విచారణ ఏ దశలో ఉన్నా కోర్టు ఎవర్నైనా సాక్షిగా పిలవొచ్చు, సమన్లు లేకుండా హాల్లో ఉన్న మనిషినైనా సరే. ఆ మాటలు సెక్షన్లోనే ఉన్నాయి. మామూలుగా అయితే పీపీ గారు (ప్రభుత్వం తరఫు లాయరు) పిటిషన్ వేస్తారు, అవతలివాళ్ళు కౌంటరు వేస్తారు, రెండు వాయిదాలు పోతాయి. అయినా దారైతే ఉంది.

శవం గురించి. శవం దొరకాల్సిందే అన్న రూలు లేదు. చంపి గోదాట్లో పడేస్తే కేసే ఉండదంటే ఎలా? 1981లో హిమాచల్ ప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. కాకపోతే మనిషి చనిపోయాడన్నదే వేరే ఆధారాలతో గట్టిగా రుజువు కావాలి. బ్రిడ్జి మీద నుంచి పడటం, చొక్కా మీద రక్తం, ఇంతే ఉంటే నేను డిఫెన్సులో ఉన్నా నిద్ర పడుతుంది. ఈత వచ్చినవాడు ఏ లంకలోనో తేలి ఉండొచ్చుగా అని మొదటి రోజే అడుగుతాను. పరోక్ష ఆధారాల మీద నడిచే కేసులో గొలుసు ఎక్కడా తెగకూడదని, ముద్దాయి తప్ప ఇంకెవరూ చేసి ఉండరన్నంత గట్టిగా ఉండాలని 1984లో మహారాష్ట్ర కేసులో చెప్పారు. ఇప్పటికీ ప్రతి డిఫెన్సు లాయరూ ఆర్గ్యుమెంటులో అదే చదువుతాడు.

చచ్చినవాడు బతికి రావడం మాత్రం కల్పన అనకండి. కర్ణాటకలో కొడగు జిల్లాలో ఒకాయన భార్య కనిపించకుండా పోయింది. మైసూరు జిల్లాలో దొరికిన ఎముకలు ఆవిడవే అని పోలీసులు ఆయన మీద హత్య కేసు పెట్టి జైల్లో వేశారు. 2025 ఏప్రిల్లో ఆవిడ మడికేరిలో నిక్షేపంలా కనిపించింది. మైసూరు కోర్టులో ప్రవేశపెట్టారు, ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. సీరియల్లో పెడితే మీ అత్తగారు చెత్త అనేవారే.

పెన్‌డ్రైవ్ మరిది జేబులోంచి తీసి జడ్జి గారికి ఇచ్చేస్తే కుదరదు. సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్ ఉండాలి. ఆ రికార్డింగు ఏ మిషనులోంచి తీశారో చెప్పాలి, హాష్ వాల్యూ (ఫైలు మారలేదని చూపించే గుర్తు) రాయాలి, ఒక భాగం మిషను చూసుకునే మనిషి, రెండో భాగం నిపుణుడు సంతకం పెట్టాలి. ఈ మధ్య మా కోర్టులో సగం వాదనలు ఈ సర్టిఫికెట్ మీదే నడుస్తున్నాయి.

రేపు విలన్ ఆడపడుచు అవతలి లాయరు ప్రశ్నలడిగే క్రాస్‌లో ఏడుస్తూ ఒప్పేసుకుంటుంది చూడండి, జడ్జి గారు అక్కడికక్కడే ఆవిడకి శిక్ష వేసి హీరోని వదిలేస్తారు. అది మాత్రం పక్కా అబద్ధం. సాక్ష్యంలో వేరేవాళ్ళ పేరు తేలితే కోర్టు వాళ్ళని ముద్దాయిగా చేర్చగలదు (పాత ప్రొసీజర్ కోడ్లో 319). కానీ ఆవిడ వరకు విచారణ మళ్ళీ మొదట్నుంచి, ప్రతి సాక్షినీ మళ్ళీ పిలవాలి. పైగా బోనులో బలవంతం మీద చెప్పిన జవాబుని ఆ సాక్షి మీదే కేసుకి వాడకూడదని పాత సాక్ష్యాధారాల చట్టం 132లో రక్షణ ఉంది, అబద్ధపు సాక్ష్యం కేసుకి తప్ప. అంటే ఆవిడ ఏడ్చి ఒప్పుకున్న ఆ సీనే ఆవిణ్ణి పట్టుకోవడానికి పనికిరాకపోవచ్చు.

డైలాగుపేపరు:

ఆ సీరియల్ కాదుగానీ, ఇంకో దానికి డైలాగులు రాసే టీములో ఉన్నాను. సుత్తి లేదని మాకూ తెలుసండి. కానీ సుత్తి చప్పుడు పడకపోతే ఎడిటర్‌కి సీను ఎక్కడ కట్ చేయాలో తెలీదు, బ్రేకు ముందు ఆ చప్పుడు కావాలి. కోర్టు సెట్టు రెండ్రోజులకి దొరుకుతుంది, ఆ రెండ్రోజుల్లోనే అరెస్టు తర్వాతది అంతా అయిపోవాలి. మేజిస్ట్రేటు కోర్టు, కమిట్ చేయడం అంటే ప్రొడ్యూసరు నవ్వుతాడు. పైగా పెద్దకోడలి పక్కన ఇంకో లాయరు పాత్ర పెడితే ఆయనకి రోజువారీ పేమెంటు. అందుకే ఆవిడే లాయరు, ఆవిడే సాక్షి, మొన్న ఒక కథలో ఫోరెన్సిక్ కూడా ఆవిడే.

కానీ క్లర్కు గారు చెప్పిన ఆ అబ్జెక్షన్ సంగతి చదివాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మొగుడు ఏమన్నాడో చెప్పనివ్వరు, ఏం చూసిందో చెప్పాల్సిందే. ఆవిడకి చెప్పాలనుంది, కోర్టు వద్దంటోంది. దీంతో నాలుగు ఎపిసోడ్లు లాగొచ్చు, ఏడుపు లేకుండా. మా హెడ్ రైటర్ గారికి చెప్పాను. "చట్టం చెప్పనివ్వకపోతే ప్రేక్షకులు ఒప్పుకోరు, జడ్జి విలన్ అనుకుంటారు" అన్నారు. చూద్దాం.

జెర్సీ_బాబాయ్:

ఇక్కడ అమెరికాలో పన్నెండు మంది జ్యూరీ కూర్చుని తేలుస్తారు. మన దగ్గర కూడా అలా ఉంటే పెద్దకోడలి ఏడుపుకి ఫలితం ఉండేదేమో.

బెంచిక్లర్కు_రిటైర్డ్:

బాబాయ్ గారూ, మన దగ్గరా ఉండేది. 1959లో బొంబాయిలో ఓ నేవీ ఆఫీసరు కేసులో తొమ్మిది మంది జ్యూరీలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు, జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపారు, అక్కడ యావజ్జీవం పడింది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చేసరికి జ్యూరీ లేకుండా పోయింది. ఏడుపు ఇప్పుడు జడ్జి గారొక్కరి ముందే.

లాయరమ్మా, 311 సంగతి మీరన్నది రైటే. మా దగ్గరా జడ్జీలు వాడేవారు, కాకపోతే ఎక్కువగా డాక్టరునో, దర్యాప్తు చేసిన ఇన్‌స్పెక్టర్నో మళ్ళీ పిలవడానికి. హాల్లో ఉన్న మనిషిని అప్పటికప్పుడు ఎక్కించడం నేను చూడలేదు. పిటిషన్ పడాలి, దానికి నంబరు వేయాల్సింది నేనే కాబట్టి గుర్తుంటుంది.

పడమటిల్లు:

ఇద్దరికీ మొత్తం చదివి వినిపించాను. అమ్మ శుక్రవారం ఉరి లేదని తెలిసి హాయిగా పడుకుంది. అత్తగారు మాత్రం పడుకోలేదు. అర్ధరాత్రి నన్ను లేపి ఒక పాయింటు అడిగారు. "మొగుడు ఒప్పుకుంటే తప్ప చెప్పకూడదు అన్నాడుగా ఆయన. మరి ఆ మొగుడు ఒప్పుకుంటే? ఆ పిచ్చి వెధవ నేనే చంపాను అని అరిచినవాడు, చెప్పనివ్వండి అనడా?" ఇంకా, తీర్పు అయిపోయాక చచ్చినవాడు వస్తే అదే జడ్జి గారు తీర్పు మార్చేస్తారా అని అమ్మ అడిగింది.

బెంచిక్లర్కు_రిటైర్డ్:

ముందు అమ్మగారి ప్రశ్న. మార్చలేరు. సంతకం పెట్టిన తీర్పులో అక్షర దోషాలూ లెక్కల తప్పులూ తప్ప ఇంకేం ముట్టుకోకూడదు, చట్టమే అలా అంది. చచ్చినవాడు గడ్డంతో హాల్లోకి నడిచొచ్చినా జడ్జి గారు "హైకోర్టుకి వెళ్ళండి" అనాలి. అదృష్టం ఏంటంటే ఉరిశిక్ష ఫైలు ఎలాగూ హైకోర్టులోనే ఉంటుంది. అక్కడ కొత్త సాక్ష్యం తీసుకునే అధికారం ఉంది, వాళ్ళే తీసుకోవచ్చు, కింది కోర్టుకి చెప్పి తీయించొచ్చు. ఆ ఆశ్రమంవాడు వేలిముద్రలూ, ఆధారూ, తల్లిదండ్రుల డి.ఎన్.ఎ.తో సహా తను తనే అని నిరూపించుకోవాలి. ఊళ్ళో ఓ పదిమంది వచ్చి అవును వీడే అంటే సరిపోదు. ఇంకా ఆడపడుచు గనక దొంగ సాక్ష్యం పుట్టించి ఉంటే, ఉరి పడే నేరంలో ఒకణ్ణి ఇరికించాలని చేసినదానికి విడిగా సెక్షన్ ఉంది, పాత ఐ.పి.సి.లో 194, కొత్త భారతీయ న్యాయ సంహితలో 230. యావజ్జీవం దాకా పోతుంది. అమాయకుడు ఆ సాక్ష్యం వల్ల ఉరెక్కితే, చెప్పినవాళ్ళకి ఉరి కూడా వేయొచ్చు. విలన్‌కి ఇంత పెద్ద సెక్షన్ ఉండగా రచయితలు ఎప్పుడూ చెంపదెబ్బతో సరిపెడతారెందుకో!

మీ అత్తగారిది లాయరు బుర్ర. ఆ పాయింటు గట్టిది. మొగుడు ఒప్పుకుంటే ఆ మాట సాక్ష్యంలోకి వస్తుంది, సెక్షన్లోనే ఉంది. కాకపోతే అరిచి ఒప్పుకుంటే చాలదు. ఆ హీరోకి ముందు కొత్త లాయరు ఉండాలి. తాహతు లేదంటే ప్రభుత్వ ఖర్చుతో ఇస్తారు. ఆయన హీరోని పక్కకి తీసుకెళ్ళి, ఒప్పుకుంటే ఏమవుతుందో చెప్పాలి. నూటికి తొంభై మంది లాయర్లు వద్దనే చెప్తారు. అప్పటికీ వింటేనా, హీరో కదా. అప్పుడు జడ్జి గారు ముద్దాయిని బోను దగ్గరికి పిలిచి, తెలుగులో, తన నోటితోనే అడుగుతారు. నీ భార్యతో నువ్వన్న మాట ఆవిడ ఇక్కడ చెప్పడానికి నీకు సమ్మతమేనా, ఎవరైనా బలవంతం చేశారా, చెప్తే నీకు నష్టం రావొచ్చని తెలుసా. వాడు తెలుసండి అంటే ఆ ప్రశ్నలూ ఆ జవాబులూ రికార్డులో రాస్తారు. ఆ తర్వాతే పెద్దకోడలు ఆ ఒక్క మాట చెప్పొచ్చు.

చెప్పాక కూడా అయిపోలేదు. "వాడు నా చేతుల్లోనే పోయాడే" అంటే చంపాననా, కాపాడబోతే చెయ్యి జారిపోయాడనా? క్రాస్‌లో కొత్త లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. దానికి పెద్దకోడలు ఏం జవాబు చెప్తుందో ఆ డైలాగులు రాసే బాబుని అడగండి.